సొరకాయ లోపల మనిషి

జనవరి 19

వదిన గారికి,

ఫోన్ చేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశాను. ఫోన్‌లో అయితే మీరు నా గొంతు పట్టేస్తారు. ఏమైందని అడుగుతారు, నేను ఏం లేదంటాను, మాట అక్కడితో తెగిపోతుంది. ఉత్తరానికి గొంతు లేదు కాబట్టి రాస్తున్నాను.

మా ముందుగది ఇప్పుడు గది కాదు. సోఫా బాల్కనీలోకి పోయింది. దాని స్థానంలో మంచం కంటే పొడవైన తెల్లటి వస్తువొకటి పడుకుని ఉంది. మూతి సన్నం, పొట్ట లావు, తోక మళ్ళీ సన్నం. వీధిలో వాళ్ళు దాన్ని సొరకాయ అంటున్నారు. మీ తమ్ముడు కార్ఖానాలో స్నానాల తొట్లు పోసే పద్ధతిలోనే, మూస కట్టి, ఫైబరు గుడ్డ మీద జిగురు పూసి, పొర మీద పొర వేసి చేశారు. ఇల్లంతా ఆ జిగురు వాసనే. కూర తిన్నా అదే రుచి.

దాని లోపల ఉన్నది సైకిలే. కాకపోతే మనకు తెలిసిన సైకిలు కాదు. వెల్లకిలా పడుకుని, కాళ్ళు ముందుకు చాచి తొక్కాలి. గాలికి చిక్కకుండా జారిపోవడమే దాని కిటుకట. ఇలాంటివి చేసేవాళ్ళంతా ఆదివారాలు ఊరి బయట, విమానాలు రావడం మానేసిన పాత రన్‌వే మీద కలుస్తారు. ఒక పళ్ళ డాక్టరు గారు ఉన్నారు. పడవలో తెడ్డు లాగినట్టు చేతులతో లాగితే నడిచే సైకిలు ఆయనది. ఇంకో భార్యాభర్తలు వీపుకి వీపు ఆనించుకుని తొక్కుతారు. పోట్లాడుకున్న రోజున కూడా ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదని దాన్ని ఎంచుకున్నామని వాళ్ళే చెప్పి నవ్వుతారు. అందరూ మంచివాళ్ళే, కాస్త తిక్క ఉన్నవాళ్ళు.

అసలు సంగతికి వస్తాను. సొరకాయకి తలుపు లేదు. మనిషి లోపల పడుకున్నాక పై సగం మూతలా పెట్టి, అతుకు చుట్టూ బయటి నుంచి టేపు అంటిస్తారు. ఆగితే అది తనంతట తాను నిలబడలేదు. బయలుదేరేటప్పుడు ఒకరు పట్టుకోవాలి, ఆపేటప్పుడు ఒకరు పట్టుకోవాలి. పట్టేవాళ్ళు లేకపోతే పక్కకి పడిపోయి అలాగే ఉంటుంది. లోపలి మనిషి తనంతట తాను బయటికి రాలేడు. మార్చి మొదట్లో పరుగు పెట్టించాలని అనుకుంటున్నారు. లోపలికి వెళ్ళే మనిషిని తలుచుకుంటే నాకు ముద్ద దిగడం లేదు.

నాలుగు ధైర్యం మాటలు రాయండి. నేనిలా రాశానని మాత్రం మీ తమ్ముడికి చెప్పకండి.

మీ మరదలు


జనవరి 28

అమ్మాయ్,

ధైర్యం చెప్పమని అడగడానికి నీకు నేనే దొరికానా? పొద్దున్నుంచి సాయంత్రం దాకా విరిగిన ఎముకలకి ఎక్స్‌రేలు తీసేదాన్ని. రోడ్డు మీద ఎవరైనా సైకిల్లో కాస్త వేగంగా పోతుంటే నాకు వాళ్ళ మొహం కనపడదు, మోచిప్ప కనపడుతుంది. నీ ఉత్తరం మధ్యాహ్నం చదివాను. ఆ తర్వాత ఒకాయన కుడిచెయ్యికి బదులు ఎడమచెయ్యికి ఫొటో తీశాను. ఆయన మర్యాదస్తుడు, చివరిదాకా ఏమీ అనలేదు.

మా తమ్ముడు చిన్నప్పటి నుంచీ సొరకాయలు కోసేవాడే. ఇప్పుడు సొరకాయే చేశాడంటే నేనేం ఆశ్చర్యపోను. కానీ వాడు అందులోకి ఎలా దూరతాడు? నీకు తెలియదేమో, మూసిన చోటంటే వాడికి ప్రాణం పోతుంది. చిన్నప్పుడు దాగుడుమూతలాటలో బట్టల బీరువాలో దాక్కున్నాడు. గడియ పడిపోయింది. మేము తీసేసరికి మాట పోయి ఉంది. ఆ రోజంతా గుటకలు మింగాడే గానీ పలకలేదు. ఇప్పటికీ మా ఆసుపత్రికి వస్తే లిఫ్టు ఎక్కడు, ఆయాసపడుతూ మెట్లెక్కి వస్తాడు. అలాంటి వాణ్ని లోపల పెట్టి టేపు వేస్తారా? గాలి ఎక్కణ్నుంచి వస్తుంది? ఆ సంగతి ఎవరైనా ఆలోచించారా?

నువ్వు ఆపాలి. బతిమాలు, అలుగు, మాట్లాడ్డం మానెయ్. చెప్పొద్దన్నావు గానీ నా మనసు ఊరుకోక వాడికీ ఒక ఉత్తరం వేశాను. నీ పేరు ఎత్తలేదు. ఎత్తకపోయినా వాడికి తెలుస్తుంది, నాకు ఆ ఊళ్ళో వేగులవాళ్ళు ఇంకెవరున్నారు?

మా ఆయన నీ ఉత్తరం చదివి, "పోనీలే, మోటారు లేదుగా" అన్నాడు. ఆ మాటకి ఇంతవరకు ఆయనతో నేను మాట్లాడలేదు.

వెంటనే జవాబు రాయి.

వదిన


ఫిబ్రవరి 9

వదిన గారికి,

మీ తమ్ముడికి మీ ఉత్తరం అందింది. చదివి, మడిచి, జిగురు డబ్బా కింద పెట్టారు. అన్నం దగ్గర కూర్చుంటే ఇద్దరం చెంచాల చప్పుడు వింటున్నాం. అయితే మర్నాడే రంపం పట్టుకుని సొరకాయ మూతి దగ్గరున్న గాలిరంధ్రాన్ని కోసి పెద్దది చేశారు. అంతకు ముందు అరచెయ్యి పట్టేది, ఇప్పుడు మనిషి తల పట్టేంత ఉంది. దానికి సన్నటి వల బిగించారు. గాలి సంగతి మీరు అడిగారు కదా, అందుకే అనుకుంటాను.

బీరువా సంగతి నాకు తెలియదు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా చెప్పలేదు. మెట్లెక్కితే ఒంటికి మంచిదనేవారు, నేనూ నమ్మాను.

పోయిన ఆదివారం రన్‌వే మీద నెమ్మదిగా నడిపి చూశాం. వేగం లేదు, భయపడాల్సిందేమీ జరగలేదు. కానీ మూత పడ్డాక లోకం ఒక్కసారిగా చిన్నదైపోతుంది. ముందు పలక అంత అద్దం, అందులో బూడిదరంగు నేల, ఇంకేమీ ఉండదు. టేపు లాగుతున్న చప్పుడు తల చుట్టూ తిరిగి వస్తుంది. మోకాలు పైకి వచ్చినప్పుడల్లా కప్పుకి తగిలీ తగలనట్టు ఉంటుంది. చైను చప్పుడు చెవిలోనే తిరుగుతుంది. కాసేపటికి ఊపిరి అద్దం మీద పట్టి ఆ నేల కూడా మసకబారుతుంది. లోపలి నుంచి ఎంత పిలిచినా బయటివాళ్ళకి వినపడదు. డాక్టరు గారు పట్టి ఆపి, మూత తీసేదాకా వేళ్ళు పట్టు వదల్లేదు.

మీ తమ్ముడు ఆ పూటంతా రన్‌వే పక్కన గడ్డిలో కూర్చుని గడ్డిపోచలు పీకుతూనే ఉన్నారు.

మీరు కంగారు పడకండి.

మీ మరదలు


ఫిబ్రవరి 15

అమ్మాయ్,

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. వాడు గడ్డిలో కూర్చుని ఉంటే, మోకాలు కప్పుకి తగిలింది ఎవరికి?

లోపల ఉండేది నువ్వా?

తాను దూరలేని చోటికి పెళ్ళాన్ని పంపుతున్నాడా వాడు? బీరువాలో మూడొంతుల ప్రాణం పోగొట్టుకున్నవాడికి మూత వెయ్యడమంటే ఏమిటో తెలియదా? ఈ ఉత్తరంతో పాటే వాడికీ రాస్తున్నాను. "నీ చేతుల్తో నువ్వే మూసి, నీ చేతుల్తో నువ్వే టేపు వేస్తావా" అని అడిగాను. అంతకన్నా కటువైన మాటలు కూడా రాశాను, అవి నీకు రాయను. మళ్ళీ వాడి మొహం చూడనన్నాను.

నువ్వు వాడికి భయపడి ఒప్పుకున్నావా? నిజం రాయి. సెలవు అడిగాను. మాకు మనుషులు తక్కువ, మార్చి దాటితే గానీ ఇవ్వరట.

వదిన


ఫిబ్రవరి 22

వదిన గారికి,

ముందే చెప్పనందుకు తిట్టండి, పడతాను. కానీ తిట్టాల్సింది నన్నే, ఆయన్ని కాదు.

నీటి మీటర్లు చూసే ఉద్యోగం కదా నాది. ఇన్నేళ్ళుగా సంచి తగిలించుకుని ఊరంతా సైకిలు మీదే తిరుగుతున్నాను. నీళ్ళ ట్యాంకు ఎత్తుకి ఎక్కే వాలు రోడ్డులో ఒక రోజు పళ్ళ డాక్టరు గారు తన తెడ్డు సైకిలు లాక్కుంటూ, చెమటలు కక్కుతూ పోతున్నారు. మీటర్ల సంచితో సహా నేను ఆయన్ని దాటేసి పోయాను. పైన ఆగి మంచినీళ్ళు తాగుతుంటే ఆయన వచ్చి, ఈ కాళ్ళు మీవేనా అని అడిగారు. నాకు నవ్వొచ్చింది. ఆ ఆదివారం మేమిద్దరం రన్‌వేకి వెళ్ళాం. మొదలు అది.

సొరకాయ చెయ్యమని అడిగింది నేను. కొలతలు నావి. మూసలో గంటలకొద్దీ పడుకుంది నేను. ఆయన వద్దన్నారు, ఇంకేదైనా చేద్దాం, మూత లేనిది చేద్దాం అన్నారు. ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు, మీరు బీరువా సంగతి రాశాక అర్థమైంది. చివరికి నా పోరు పడలేక ఒప్పుకున్నారు.

ఎందుకు ఇంత పట్టుదల అంటారా? సరిగ్గా చెప్పలేను. రోజంతా గేట్ల దగ్గర నిలబడి కుక్క ఉందా అని అడిగి లోపలికి వెళ్ళే బతుకు. నెమ్మదిగా నడిపినా సరే, ఆ కాసేపు నన్ను ఆపేవాళ్ళు లేరు. భయం ఉంది. కానీ భయం నాది, కోరికా నాదే. రెండూ ఆయన నెత్తిన పెట్టకండి.

మీ రెండో ఉత్తరం చదివాక ఆయన పూర్తిగా మారిపోయారు. టేపు చుట్ట చేతిలోకి తీసుకుంటే వేళ్ళు ఆడడం లేదు. మానేద్దామన్నారు. నేను వినలేదు. సరే, టేపు మాత్రం నేను వెయ్యలేను, చివర నిలబడి పట్టుకుంటాను అన్నారు. అలాగే ఒప్పందం కుదిరింది.

ఆదివారమే పరుగు. ఇది మీకు అందేసరికి అయిపోతుంది. అయిపోయిందని సంతోషపడండి.

మీ మరదలు


మార్చి 3

వదిన గారికి,

డాక్టరు గారు మీకు ఫోన్ చేసి చెప్పారని తెలిసింది. ఆయన చెప్పింది నిజమే, ఎడమవైపు మెడ కింది ఎముక ఒక్కటే విరిగింది. కుడిచెయ్యి బాగానే ఉంది, రాసేది నేనే. మీరు ఆయనతో అడిగించిన ఎక్స్‌రే ఫిల్ము దీంతో పెడుతున్నాను. ఎక్కడా దాచకుండా జరిగింది రాస్తాను, ఇంతకు ముందు దాచి మిమ్మల్ని ఎక్కువ భయపెట్టాను.

మొదటి పరుగు చక్కగా సాగింది. రెండోసారి ఇంకా వేగం వచ్చింది. రన్‌వే పక్కన పాత షెడ్ల వరస ఉంది. అది అయిపోయిన చోట గాలి పక్కనుంచి ఒక్క తోపు తోసింది. అద్దంలో నేల పక్కకి తిరిగింది. రేకు మీద కంకర పోసినట్టు చప్పుడు, అది ఆగదేమో అనుకున్నాను. తర్వాత పొదల్లోకి పోయి ఒక పొర్లు పొర్లి ఆగింది. మూత కిందికి పోయింది. అద్దం మట్టిలో దిగబడి చీకటైంది.

పాదాలు పెడళ్ళకి బిగించి ఉన్నాయి. చెయ్యి కదిపితే భుజం దగ్గర ఏదో గరగరమంది. అరిచాను. నా అరుపు నా చెవుల్లోకే తిరిగొచ్చింది. బయట ఏమీ వినపడలేదు. నన్ను వాళ్ళు చూడలేదేమో, షెడ్లు అడ్డమేమో అనుకున్నాను. ఊపిరి ఆగి ఆగి వస్తోంది. చచ్చిపోతానని అనుకోలేదు వదిన గారూ, ఇలాగే ఉండిపోతాననుకున్నాను. అది ఇంకా ఘోరం.

తర్వాత అడుగుల చప్పుడు. ఎవరో వల చించారు. ఆ రంధ్రంలోంచి కొంచెం వెలుగు వచ్చింది, వెంటనే పోయింది. పోవడమెందుకంటే మీ తమ్ముడు తల, ఒక భుజం లోపలికి దూర్చేశారు. అవతలి చివర నుంచి పరిగెత్తుకొచ్చారు. దూరాక వెనక్కి రావడం కుదరలేదు, ఇరుక్కుపోయారు. ఆయన మొహం నా పాదాల దగ్గర. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. నన్ను చూసి ఏదో చెప్పబోయారు, మాట రాలేదు. బీరువా అప్పుడు మాట పోయిందన్నారే, అదే గుర్తొచ్చింది. దాంతో నా భయం ఎటు పోయిందో పోయింది.

"కళ్ళు మూసుకోండి. నాతో పాటు ఊపిరి తీసుకోండి, అంతే. ఇంకేం చెయ్యక్కర్లేదు" అన్నాను.

తీసుకున్నారు. నా చీలమండ పట్టుకుని, నాతో పాటు తీసుకుని, నాతో పాటు వదిలారు. వెనకాల రంపంతో తోక కోస్తున్న చప్పుడు మొదలైంది. ఎవరో ఆయన కాళ్ళు పట్టి బయటికి లాగబోయారు. అప్పుడు మాట వచ్చింది.

"తను రాకుండా నన్ను లాగొద్దు."

ఆయన పెడళ్ళ నుంచి నా పాదాలు విప్పారు, వాళ్ళు తోకవైపు నుంచి నన్ను తీశారు. ఆ తర్వాతే ఆయన్ని లాగనిచ్చారు. బయటికి వచ్చి గడ్డిలో వాంతి చేసుకున్నారు. డాక్టరు గారు తన తువ్వాలుతో నా చెయ్యి కట్టి, నోరు తెరవమని చూసి, పళ్ళన్నీ ఉన్నాయి, మిగతాది నా శాఖ కాదన్నారు. నవ్వితే భుజం పోటెత్తింది.

మీరు రాసిన మాటల వల్ల ఇలా అయిందని మాత్రం అనుకోకండి. గాలి పెద్దల మాట, పిన్నల మాట వినదు. మీరు గాలి సంగతి అడక్కపోతే ఆ రంధ్రం అరచేతంతే ఉండేది.

ఆయన మీకు ఏమీ రాయడం లేదు. కోపం కాదు, సిగ్గు.

మీ మరదలు


మార్చి 11

అమ్మాయ్,

ఫిల్మును మా గది కిటికీ అద్దానికి ఆనించి చూశాను. పరాయివాళ్ళవి రోజూ వందల కొద్దీ చూస్తాను. నీది చూడాలంటే ముందు కుర్చీ లాక్కోవాల్సి వచ్చింది. విరుగు తిన్నగా ఉంది. రెండు కొసలూ కొద్దిగా ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. అతుక్కుంటుంది గానీ అక్కడ చిన్న బొడిపె మిగులుతుంది. చెయ్యి వేలాడదియ్యకు, బరువు ఎత్తకు, పక్కకి తిరిగి పడుకోకు. మీటర్ల సంచి ఎవరికైనా ఇచ్చెయ్.

నువ్వు లోపల ఉన్నంతసేపూ నేనిక్కడ ఏం చేస్తున్నానని లెక్క కట్టి చూసుకున్నాను. ఆదివారం కదా, బట్టలు ఆరేస్తున్నాను. ఏదో పాట కూడా పాడుకుంటున్నాను. నాకు ఏమీ తెలియలేదు. అయినవాళ్ళకి ఏదైనా అయితే ముందే తెలుస్తుందంటారు, ఒట్టి మాట.

తమ్ముడి మొహం చూడనని రాశాను కదా. వాడికి చెప్పు, ఆ మాట నేను చెరిపేశానని. వద్దులే, నేనే చెప్తాను, ఫోన్ ఎత్తమను. ఎత్తితే తిట్టను.

సొరకాయని ముక్కలు చేసి పారేసే ఉంటారు. పీడ విరగడైంది. పోనివ్వండి, సోఫా లోపలికి తెచ్చుకుని కూర్చోండి. నాకు ఈ మధ్యనే నిద్ర పట్టడం మొదలైంది.

వదిన


మే 20

వదిన గారికి,

మీ నిద్ర చెడగొట్టడానికే రాస్తున్నాను. సొరకాయ పారెయ్యలేదు. తోక మళ్ళీ అతికారు. మూతకి ఇప్పుడు కీళ్ళు ఉన్నాయి, లోపలి నుంచి గడియ తీస్తే ఎత్తుకుంటుంది. టేపుతో పని లేదు. వేగం కొంత తగ్గుతుందట, తగ్గనివ్వండి.

ఆ గడియ పనిచేస్తుందో లేదో చూడాలంటే లోపల ఎవరో పడుకోవాలి కదా. నా భుజం ఇంకా మానలేదు. మీ తమ్ముడే పడుకుంటున్నారు. మొదట మూత తీసే ఉంచి పడుకున్నారు. తర్వాత సగం వేశారు. ఇప్పుడు మొత్తం వేసుకుని, కొంచెంసేపు ఉండి, తనే తీసుకుని లేస్తున్నారు. చొక్కా తడిసిపోతుంది. నేను పక్కన కూర్చుని కూరలు తరుగుతాను.

వచ్చే నెలాఖరు ఆదివారం మళ్ళీ పరుగు. నేనే తొక్కుతాను. భయం పోలేదు, దానికి ఈసారి చోటు కొంచెం తగ్గింది, అంతే. బయలుదేరేటప్పుడు సొరకాయని నిలబెట్టి పట్టుకుని, తోస్తూ కొంత దూరం పరిగెత్తే మనిషి కావాలి. డాక్టరు గారు తొందరపడి వదిలేస్తారు. ఎవరైనా భయపడే మనిషి అయితే గట్టిగా పట్టుకుంటారని మీ తమ్ముడు అన్నారు. అలా అని ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

సెలవు దొరుకుతుందా?

మీ మరదలు


జులై 2

అమ్మాయ్,

క్షేమంగా చేరాను. చేరానే గానీ పిక్కలు రెండూ రాళ్ళయిపోయాయి, ఆసుపత్రిలో గోడ పట్టుకుని నడుస్తున్నాను. అందరూ ఏమైందని అడుగుతుంటే సైకిలు వెనక పరిగెత్తానని చెప్పాను. ఈ వయసులో ఎవరికి నేర్పించారమ్మా అని అడిగింది మా నర్సు.

అక్కడ ఉన్నప్పుడు నోరు పెగల్లేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. మీ ఇంటి నుంచి రన్‌వేకి వస్తున్నంతసేపూ, ఏదైనా టైరు పంక్చరైతే బాగుండునని మొక్కుకున్నాను. నువ్వు లోపల పడుకుని మూత దించుకున్నావు. ఆ తెల్లటి వీపు మీద చెయ్యి వేస్తే లోపల నువ్వు కదలడం తెలిసింది. తమ్ముడు అవతలి చివర చీమంత కనపడుతున్నాడు. షెడ్ల దగ్గర పళ్ళ డాక్టరు గారు గుడ్డపేలిక కట్టిన కర్ర పట్టుకుని గాలి చూస్తున్నారు. పేలిక వాలిపోయింది, ఆయన చెయ్యి ఊపారు. నేను తొయ్యడం మొదలుపెట్టాను.

ఎంత దూరం పరిగెత్తానో తెలియదు. చెప్పు ఒకటి ఊడిపోయింది. అది నిలదొక్కుకుందని, ఇక నా అవసరం లేదని చేతికి తెలుస్తూనే ఉంది. అయినా వేళ్ళు రాలేదు. నేను వదిలితే పడిపోతావనుకున్నాను. నేను వదలకపోతేనే పడిపోతావని తెలుసు, అయినా అలాగే అనుకున్నాను. ఇద్దరం వంకర పోవడం మొదలైంది. అప్పుడు లోపలి నుంచి, టేపు లేని అతుకులోంచి వినపడేలా అరిచావు.

"వదిలెయ్ వదినా!"

వదిలేశాను.

తర్వాత నేను చూడలేదు. రన్‌వే మీదే కూలబడి మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాను. చైను చప్పుడు దూరమైంది. షెడ్లు దాటే చోటు వచ్చి ఉంటుందనుకున్నాను. ఎవరూ అరవలేదు. తల ఎత్తేసరికి ఆ చివర తమ్ముడు దాన్ని రెండు చేతులా కౌగిలించుకుని నిలబడి ఉన్నాడు. మూత లేచి ఉంది. నువ్వు కూర్చుని జుట్టు సరిచేసుకుంటున్నావు.

మనకంటే ఆ వీపుకి వీపు మొగుడూపెళ్ళాలే వేగంగా పోయారని తమ్ముడు ఇంకా సణుగుతున్నాడా? సణగనీ.

భయం పోయిందని రాయను. మళ్ళీ పిలిస్తే మళ్ళీ వణుకుతూనే వస్తాను. కానీ ఇంకొకరి చేతికి ఆ పని ఇవ్వకండి.

ఒక్క సంగతి. ఇన్నేళ్ళలో నువ్వు నన్ను "మీరు" అనే అన్నావు. ఉత్తరం మొదలుపెడితే "వదిన గారికి" అనే రాస్తావు. ఆ రోజు లోపలి నుంచి "వదిలెయ్" అన్నావు. నువ్వు గమనించి ఉండవు, నీ పనిలో నువ్వున్నావు. నాకు ఆ పరుగులో వినపడింది అదొక్కటే. ఈ ఉత్తరానికి జవాబు రాసేటప్పుడు మళ్ళీ ఆ "గారు" తగిలించావంటే మాత్రం చదవకుండా తిరగ్గొట్టేస్తాను.

నీ వదిన